బిడ్ చేయాలా, పాస్ అనాలా? బ్రిడ్జి పోటీ వేలంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేటల్లో కొత్తగా బ్రిడ్జి బల్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రమ్మీ ఆడి చేయి తిరిగినవాళ్లే. పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఎదుటివాళ్ల దగ్గర ఏముందో ఊహించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. చిక్కంతా వేలం దగ్గరే వస్తుంది, ముఖ్యంగా రెండు జోడీలూ బిడ్ చేస్తున్నప్పుడు. సాయంత్రం ఆట ముగిశాక నడిచే చర్చల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. 1 ఇస్పేటు, 1 నో ట్రంప్ లాంటి ప్రారంభ బిడ్లు తెలిసినవారి కోసం రాసినవి ఇవి.

పోటీ వేలం అంటే ఏమిటి?

నాలుగు దిక్కుల్లోనూ పాయింట్లు ఇంచుమించు సమానంగా పంచుకుపోయి, మీరూ ప్రత్యర్థులూ చెరొక రంగును తురుపు చేసుకోవాలని పోటీపడే వేలం. ప్యాకెట్లో ఉన్నవి 40 పాయింట్లు: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. ఒక జోడీకి 26 దాకా వస్తే వాళ్లు గేమ్‌కు (పెద్ద బోనస్ ఇచ్చే కాంట్రాక్టుకు) వెళ్లిపోతారు, అక్కడ పెద్ద పోటీ ఉండదు. 20–20, 22–18 పంపకాల్లోనే అసలు పేచీ. ఒక సాయంత్రం ఆటలో ఇవే ఎక్కువగా వస్తాయి కాబట్టి, స్లామ్‌లు (12, 13 ట్రిక్కుల కాంట్రాక్టులు) నేర్చుకోవడం కన్నా ముందు వీటిపై పట్టు సాధించాలని నా గట్టి అభిప్రాయం.

నాకు 8 పాయింట్లే ఉన్నాయి. ఇంకో మెట్టు పైకి వెళ్లవచ్చా?

మెట్టు అంటే బిడ్‌లోని అంకె, దానికి ఆరు కలిపితే గెలవాల్సిన ట్రిక్కులు. ఈ ప్రశ్నకు పాయింట్లు జవాబు చెప్పలేవు. తురుపు ముక్కలు చెబుతాయి.

ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనే వెర్న్ 1969లో ఒక అమెరికన్ బ్రిడ్జి పత్రికలో దీన్ని సూత్రంగా వివరించాడు. మనకు బాగా కుదిరిన రంగులో మనం ఆడితే వచ్చే ట్రిక్కులనూ, ప్రత్యర్థులు తమ రంగులో ఆడితే వాళ్లకు వచ్చే ట్రిక్కులనూ కలపండి. ఆ మొత్తం, రెండు జోడీల దగ్గరున్న తురుపు ముక్కల మొత్తానికి సుమారుగా సమానంగా ఉంటుంది. మనకు ఆటీన్లు 8, వాళ్లకు ఇస్పేట్లు 8 ఉంటే మొత్తం 16 ట్రిక్కులు. మనకు 9 వస్తే వాళ్లకు 7, మనకు 8 వస్తే వాళ్లకూ 8.

ఇది బల్ల దగ్గర ఎలా పనికొస్తుందో చూడండి. మీరు 1 ఆటీన్ అన్నారు, మీ తర్వాత ఎడమవైపు ప్రత్యర్థి 1 ఇస్పేటు, ఆ తర్వాత పార్ట్‌నర్ 2 ఆటీన్లు, చివరగా కుడివైపు ప్రత్యర్థి 2 ఇస్పేట్లు. ఇప్పుడు మీ వంతు. ఎవరూ వల్నరబుల్ (గెలిచినా ఓడినా ఎక్కువ పాయింట్లు పడే స్థితి) కాదు, మొత్తం 16 అనుకుందాం. మనకు 9, వాళ్లకు 7 అయితే పాస్ అంటే మనకు 50, 3 ఆటీన్లు అంటే 140. చెరి 8 అయితే పాస్ అంటే మైనస్ 110, బిడ్ చేసి ఒకటి తక్కువైతే మైనస్ 50. మనకు 7, వాళ్లకు 9 అయితే పాస్‌కు మైనస్ 140, బిడ్‌కు రెండు తక్కువై మైనస్ 100. డబుల్ పడితే, అంటే ఓడితే శిక్ష పెరిగేలా ప్రత్యర్థులు డబుల్ చెబితే మాత్రం, ఆ చివరిది మైనస్ 300 అవుతుంది. అంటే వాళ్లు రెండో మెట్టులో ఉండగా మనం మూడుకు వెళ్లడం చాలాసార్లు గిట్టుబాటే.

ఇప్పుడు వాళ్లు 3 ఆటీన్ల దగ్గర ఉన్నారు, మన రంగు ఇస్పేటు, మొత్తం అదే 16 అనుకోండి. చెరి 8 అయితే వాళ్ల కాంట్రాక్టు ఓడి మనకు 50 రావలసింది. 3 ఇస్పేట్లు అన్నందుకు మనమే ఓడి 50 ఇచ్చుకుంటాం. అందువల్ల మూడు మీద మూడుకు వెళ్లాలంటే మొత్తం 17 కావాలి, అంటే మన దగ్గర తొమ్మిదో తురుపు ఉండాలి. తొందరలో ఈ లెక్కంతా వేయలేనివారు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: 8 తురుపులతో రెండో మెట్టు వరకు నిశ్చింతగా వెళ్లవచ్చు, 9తో మూడు, 10తో నాలుగు.

ఈ సూత్రం ఎప్పుడూ నిజమవుతుందా?

కాదు. ఒకటి అటూ ఇటూ కావడం మామూలే. ఏవైపు తప్పుతుందో చేతిలోని ముక్కలు ముందే చెబుతాయి.

మీ పెద్ద ముక్కలు మీ పొడవైన రంగుల్లో ఉంటే ట్రిక్కుల మొత్తం పెరుగుతుంది. ప్రత్యర్థుల రంగులో రాణి, జాకీ పట్టుకుని కూర్చుంటే తగ్గుతుంది. ఆ రాణి వాళ్ల తురుపులో ఒక ట్రిక్కును ఆపుతుందేమో కానీ, మీ రంగులో ఆడినప్పుడు దేనికీ కొరగాదు. రెండు రంగుల్లో మీకు జత కుదిరితే మొత్తం మళ్లీ పెరుగుతుంది.

అన్నిటికన్నా మంచి సూచిక, ప్రత్యర్థుల రంగులో మీ దగ్గరున్న ముక్కల సంఖ్య. ఒంటి ముక్క ఉంటే బిడ్ వైపు మొగ్గండి. మూడో నాలుగో ఉంటే పాస్ వైపు మొగ్గండి. రమ్మీ అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. ప్రత్యర్థుల రంగులో రాజు, జాకీ, పదితో నాలుగు ముక్కలు కనబడగానే చేయి బలంగా ఉందనిపిస్తుంది. బలంగానే ఉంది, కానీ అది వాళ్లను ఓడించడానికి పనికొచ్చే బలం.

వల్నరబుల్ అయితే ఎంత తేడా వస్తుంది?

డబుల్ లేకుండా ఒక్కో ట్రిక్కు తక్కువైతే మామూలుగా 50, వల్నరబుల్‌గా 100. డబుల్‌తో అయితే మామూలుగా 100, 300, 500, 800. వల్నరబుల్‌గా 200, 500, 800, 1100. ఈ రెండు వరుసలూ ఎక్కాల్లా నోటికి రావాలి.

పార్ట్ స్కోరు (గేమ్ కన్నా చిన్న కాంట్రాక్టు) పోటీలో భయపడవలసిన అంకె 200. ఆ బోర్డులో, అంటే అవే ముక్కలు ఆడిన మిగతా బల్లల మీద 90, 110, 140 తిరుగుతూ ఉంటాయి. మీరు వల్నరబుల్‌గా రెండు తక్కువైనా, డబుల్ పడి ఒకటి తక్కువైనా 200 పోతుంది, అందరికన్నా అడుగున మిగులుతారు. పైన చెప్పిన 3 ఆటీన్ల బిడ్‌ను మీరు వల్నరబుల్ అయినప్పుడు 8 తురుపులతో చేయకండి. తొమ్మిదో ముక్క ఉంటేనే చేయండి.

వాళ్లు 2 ఆటీన్ల దగ్గర ఆగిపోయారు. నేను ఇంతవరకు నోరు విప్పలేదు. ఇప్పుడు మాట్లాడాలా?

నాకు బ్రిడ్జిలో అత్యంత ఇష్టమైన ఘట్టం ఇది. కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే.

కుడివైపు ప్రత్యర్థి 1 ఆటీన్, మీరు పాస్, ఎడమవైపు ప్రత్యర్థి 2 ఆటీన్లు, మీ పార్ట్‌నర్ పాస్, కుడివైపు పాస్. మీ ముక్కలు ఇవి:

ఇస్పేట్: రాజు, జాకీ, 9, 5
ఆటీన్: 7, 3
డైమండ్: ఆసు, 10, 6, 4
కళావర్: జాకీ, 8, 2

పాయింట్లు 9. మొదటిసారి పాస్ అన్నది సరైనదే. ఇప్పుడు వేలం ఏం చెప్పిందో వినండి. వాళ్లు గేమ్ కోసం ప్రయత్నించకుండా రెండో మెట్టులో ఆగారు, కాబట్టి వాళ్ల పాయింట్లు 20 దగ్గర్లో ఉంటాయి. మిగతా 20 మీవి. మీ దగ్గర 9 ఉన్నాయంటే పార్ట్‌నర్ దగ్గర దాదాపు 11. ఆయన బిడ్ చేయనిది పాయింట్లు లేక కాదు. చెప్పుకోదగ్గ రంగు లేకనో, ఆటీన్లు ఎక్కువై, పార్ట్‌నర్‌ను రంగు చెప్పమని అడిగే డబుల్ చెప్పే వీలు లేకనో అయి ఉంటుంది.

ఇంకో లెక్క చూడండి. వాళ్లకు ఆటీన్లు 8 ఉంటే మీ ఇద్దరి దగ్గర 5. మీ ఇద్దరివీ కలిపి 26 ముక్కలు, అందులో 5 పోతే 21. ఆ 21 ముక్కలు మూడు రంగుల్లో సర్దుకోవాలి. మూడింటిలోనూ సరిగ్గా ఏడేసి పడితే తప్ప, ఏదో ఒక రంగులో మీకు కనీసం 8 ఉండి తీరుతాయి. వాళ్లకు రంగు కుదిరిందంటే మీకూ దాదాపుగా కుదిరినట్టే. కాబట్టి ఇక్కడ అలాంటి డబుల్ చెప్పండి. పార్ట్‌నర్ తన మంచి రంగు చెబుతారు. తర్వాత ప్రత్యర్థులు 3 ఆటీన్లకు పోతే సంతోషంగా వదిలేయండి. ఎనిమిది తురుపులతో మూడో మెట్టు చాలాసార్లు వాళ్లకు అందదు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి పాట చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పక్కవాడికి సరుకు చవకగా పోతుంటే అనుభవమున్న ఖరీదుదారు ఒక్క పాట పెంచుతాడు, ఎదుటివాడు దానిపైకి పోగానే పక్కకు తప్పుకుంటాడు. సరుకు తన మీదే పడినా నష్టం రాని ధర వరకే పాడతాడు.

పార్ట్‌నర్ పాటించవలసిన నియమం కూడా ఒకటి ఉంది. మీరు డబుల్ చెప్పింది ఆయన దగ్గరున్న 11 పాయింట్లను కూడా లెక్కలో వేసుకునే. ఆయన వాటిని మళ్లీ లెక్కపెట్టి నాలుగో మెట్టుకు పోకూడదు.

వాళ్లకు రంగు కుదరని వేలంలో మాత్రం ఈ పని చేయకండి. 1 ఆటీన్, 1 ఇస్పేటు, 2 కళావర్లు, 2 ఆటీన్లు అంటూ తడుముకుంటూ ఆగారంటే వాళ్ల రంగులు కలవలేదన్నమాట. వాళ్లవి కలవనప్పుడు మీవీ కలవకపోవచ్చు. అప్పుడు పాస్ అని, వాళ్లను అక్కడే ఆడనివ్వండి.

నేను ముందే 3 ఇస్పేట్లతో మొదలుపెట్టాను. వాళ్లు 4 ఆటీన్లు అన్నారు. పార్ట్‌నర్ పాస్. నేను 4 ఇస్పేట్లు అనవచ్చా?

అనకూడదు. ఏడు ఇస్పేట్లు, కొద్ది పాయింట్లు ఉన్నాయని మొదటి బిడ్‌లోనే పూర్తిగా చెప్పేశారు. ఆ తర్వాత మీ చేతిలో కొత్తగా వచ్చి చేరిన ముక్క ఏదీ లేదు. మీ దగ్గరేముందో పార్ట్‌నర్‌కు తెలుసు, పార్ట్‌నర్ దగ్గరేముందో మీకు తెలియదు. కాబట్టి నిర్ణయం ఆయనది. ఆయన పాస్ అన్నది 4 ఆటీన్లను ఓడించగలననుకుని కావచ్చు. ఇస్పేట్లు ఒక్కటీ లేక కావచ్చు.

పోటీ వేలంలో నేను అన్నిటికన్నా గట్టిగా నమ్మేది దీన్నే: చేతిని ఒక్కసారి, సరిగ్గా చెప్పాలి. చెప్పాక పార్ట్‌నర్ మీద నమ్మకముంచి మౌనంగా ఉండాలి. ఒకే బలాన్ని రెండుసార్లు చెప్పే బిడ్లే పెద్ద నష్టాలు తెస్తాయి. ఐదు ఇస్పేట్లు, 10 పాయింట్లతో ఒకసారి 1 ఇస్పేటు అన్నవాళ్లు, పార్ట్‌నర్ మద్దతు లేకుండానే మళ్లీ 2 ఇస్పేట్లు, 3 ఇస్పేట్లు అంటూ పోతుంటారు. రెండోసారి నోరు విప్పాలంటే చేతిలో ఇంతవరకు చెప్పని విషయం ఉండాలి. ఆరో ముక్క, రెండో రంగు, పార్ట్‌నర్ మద్దతు ఇచ్చాక బయటపడిన ఒంటి ముక్క, ఇలాంటివి.

ఒక్కసారే చెప్పాలంటే ఎంత ఎత్తుకు పోయి చెప్పాలి?

తురుపులు ఎన్ని ఉంటే అంత ఎత్తుకు, మొదటి అవకాశంలోనే. పార్ట్‌నర్ 1 ఆటీన్ అన్నారు, కుడివైపు నుంచి 1 ఇస్పేటు వచ్చింది. మీ దగ్గర:

ఇస్పేట్: 8, 3
ఆటీన్: రాజు, 9, 6, 4
డైమండ్: 7, 5
కళావర్: రాణి, 10, 8, 6, 2

ఐదు పాయింట్లే. అయినా పార్ట్‌నర్‌వి ఐదు, మీవి నాలుగు కలిపి తొమ్మిది తురుపులు. వెంటనే 3 ఆటీన్లు అనండి. 2 ఆటీన్లు అని, వాళ్లు 2 ఇస్పేట్లు అన్నాక 3 ఆటీన్లు అనడం వల్ల చివరికి చేరేది అక్కడికే. కానీ ఆ మధ్యలో ప్రత్యర్థులు తమ బలం ఒకరికొకరు చెప్పుకునే తీరిక మీరే ఇచ్చినట్టవుతుంది. తర్వాత వాళ్లు 3 ఇస్పేట్లు అన్నా, 4 అన్నా మీ పని అయిపోయింది. నిజంగా బలమైన మద్దతు, అంటే 10 పాయింట్లు ఆపైన ఉంటే ప్రత్యర్థి రంగునే 2 ఇస్పేట్లుగా పలకడం వాడుక. ఈ రెండింటి మధ్య తేడాను జోడీ ముందే మాట్లాడుకుని ఉండాలి.

ప్రత్యర్థులే 3 ఆటీన్లతో మొదలుపెడితే?

పార్ట్‌నర్ దగ్గర 7–8 పాయింట్లు ఉన్నాయనుకుని నిర్ణయించండి. ఆటీన్లలో ఒకటి రెండు ముక్కలే ఉండి, మిగతా రంగులు బాగుండి, 15 దాకా ఉంటే డబుల్ చెప్పండి. కొన్నిసార్లు పార్ట్‌నర్ దగ్గర ఏమీ ఉండదు, దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బకు భయపడి ప్రతిసారీ పాస్ అంటే వాళ్ల ఎత్తు పారినట్టే.

శిక్షగా డబుల్ ఎప్పుడు చెప్పాలి?

టీమ్ ఆటల్లో 2 ఆటీన్లు, 2 ఇస్పేట్లను శిక్షగా డబుల్ చేసేముందు ఈ లెక్క చూడండి. వాళ్లు వల్నరబుల్ కాదు, కాంట్రాక్టు 2 ఇస్పేట్లు. అవతలి బల్ల మీద మీ టీమ్ జోడీ అదే కాంట్రాక్టు ఆడి 110 తెచ్చింది. మీ బల్ల మీద అది ఒకటి తక్కువై ఓడితే, డబుల్ లేకుండా మొత్తం 160, అంటే 4 ఇంప్‌లు (టీమ్ ఆటల్లో తేడాను మార్చి లెక్కించే పాయింట్లు). డబుల్ చేసి ఉంటే 210, అంటే 5. మీ డబుల్ తెచ్చింది ఒక్కటంటే ఒక్క ఇంప్. అదే వాళ్లు గెలిస్తే, డబుల్ వల్ల 2 ఇస్పేట్లే గేమ్ అయి 470 రాసుకుంటారు. సమానంగా పోవలసిన బోర్డులో మీకు 8 ఇంప్‌లు పోతాయి. కనీసం రెండు ట్రిక్కుల తేడాతో ఓడిస్తామనే ధీమా ఉంటేనే ఆ డబుల్.

జోడీల పోటీలో లెక్క వేరు. అక్కడ ఎంత తేడాతో గెలిచామన్నది కాదు, ఎన్ని జోడీలకన్నా ముందున్నామన్నదే ముఖ్యం. 140 రావలసిన చోట 100 వస్తే అది ఓటమే. అందుకే వల్నరబుల్ ప్రత్యర్థులు మూడో మెట్టుకు తెగించినప్పుడు డబుల్ చేసి 200 రాబట్టడానికి జోడీల ఆటలో ఎక్కువ చొరవ చూపాలి.

వాళ్ల గేమ్‌ను చెడగొట్టడానికి ఓడిపోయే కాంట్రాక్టు తీసుకోవచ్చా?

లెక్క కుదిరితే తప్పకుండా. 4 ఇస్పేట్లకు వాళ్లకు వచ్చేది 420, వల్నరబుల్ అయితే 620. వాళ్లు మాత్రమే వల్నరబుల్ అయితే మీరు డబుల్‌తో మూడు తక్కువైనా 500తో బయటపడతారు. రెండు జోడీలూ సమానమైతే రెండు వరకు. మీరు మాత్రమే వల్నరబుల్ అయితే ఒక్కటికే పరిమితం, కాబట్టి ఆ ఆలోచనే మానుకోండి. వాళ్ల గేమ్ నిజంగా గెలిచేదేనా అన్నది కూడా చూడాలి. ఓడిపోయే గేమ్ మీదికి మీరు వెళ్లి ఓడడం కన్నా ఖరీదైన పని బ్రిడ్జిలో తక్కువ.

వాళ్లు మీ 4 ఇస్పేట్ల మీద 5 డైమండ్లకు వెళ్లారంటే, 5 ఇస్పేట్లు అనేముందు చాలా బలమైన కారణం ఉండాలి. ఐదో మెట్టు ప్రత్యర్థులకే వదలమన్నది ఆటలో పాత మాట. వాళ్లను అక్కడికి నెట్టారంటే మీ పని నెరవేరింది.

పార్ట్‌నర్ చాలాసేపు ఆలోచించి పాస్ అన్నారు. ఆయన దగ్గర ఏదో ఉందని తెలిసిపోయింది. నేను బిడ్ చేయవచ్చా?

ఆ ఆలస్యాన్ని ఆధారంగా చేసుకుని చేయకూడదు. డూప్లికేట్ బ్రిడ్జి నియమాల్లో 16వది దీని గురించే. పార్ట్‌నర్ బిడ్ ద్వారా తెలిసింది మాత్రమే మీది. ఆయన నిట్టూర్పు, తటపటాయింపు, బిడ్ కార్డు బల్ల మీద పెట్టిన తీరు మీవి కావు. ఆయన టక్కున పాస్ అని ఉన్నా మీరు అదే బిడ్ చేసేవారని మీ ముక్కలే స్పష్టంగా చెబితే చేయండి. సందేహముంటే పాస్ అనండి.

మన దగ్గర బల్ల చుట్టూ కూర్చునేది ఒకరినొకరు ఏళ్లుగా ఎరిగినవాళ్లు. కాజీపేట రైల్వేలో కలిసి పనిచేసినవారు, ఒకే కాలేజీలో పాఠాలు చెప్పినవారు. ఎదురుగా ఉన్నది మన సారే కదా అని ఎవరూ అభ్యంతరం చెప్పరు. అందుకే ఈ నియమాన్ని మనకు మనమే పాటించాలి. నెమ్మదిగా ఆలోచించే పెద్దలను తొందరపెట్టవద్దు. ఆలోచించడం తప్పు కాదు. దాన్ని పార్ట్‌నర్ వాడుకోవడమే తప్పు.

పేకాట అంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

బ్రిడ్జిలో పందెం అవసరం లేదు. డూప్లికేట్ పద్ధతిలో అవే ముక్కలు అన్ని బల్లల మీదా ఆడతారు కాబట్టి, మంచి ముక్కలు పడ్డాయన్న అదృష్టం లెక్కలోకి రాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, పోలికకు తీసుకున్నది బ్రిడ్జినే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జోడీ విభాగంలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ భారత్‌కు స్వర్ణం తెచ్చారు. అప్పుడు బర్ధన్ వయసు 60. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నలుగురు దొరకనప్పుడు పోటీ వేలం ఎలా సాధన చేయాలి?

ఇద్దరున్నా చాలు. ప్యాకెట్లోంచి నాలుగు చేతులూ పంచి, మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మీ రెండు చేతులు మాత్రమే చూసుకోండి. ప్రత్యర్థులు 1 ఆటీన్, 2 ఆటీన్లు అన్నారని అనుకుని మీ వేలం పూర్తిచేయండి. తర్వాత నాలుగు చేతులూ తిప్పి, రెండు రంగుల్లోనూ వచ్చే ట్రిక్కులు లెక్కపెట్టి, తురుపుల మొత్తంతో పోల్చండి. ఒక నోటుపుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటూ పోతే, ఏ తరహా చేతుల్లో సూత్రం తప్పుతుందో మీకే కనిపిస్తుంది. ఒంటరిగా ఉంటే బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్‌లో కంప్యూటర్ ఆటగాళ్లతో ఆడవచ్చు. అయితే వాటి బిడ్లకు అర్థాలు మీ జోడీ అర్థాల్లాగే ఉండాలని లేదు. బిడ్ మీద నొక్కేముందు దాని వివరణ చదవండి.